రాకర్ ఉన్న పౌడర్ స్కీ మీద బైండింగ్ ఎక్కడ బిగించాలి: మైనస్ అంకె వెనుక లెక్క

గట్టిగా చదును చేసిన వాలుల మీద జారడానికి తయారయ్యే సన్నని స్కీలు చాలావరకు బైండింగ్‌తో కలిసే అమ్ముడవుతాయి. బూటును స్కీకి పట్టి ఉంచి, పడిపోయినప్పుడు వదిలేసే యంత్రమే బైండింగ్. అది తయారీదారు నిర్ణయించిన చోట, పట్టాల మీద ముందే అమర్చి ఉంటుంది కనుక కొనేవారికి ఆలోచించవలసిన పని ఉండదు. లోతైన పొడి మంచు కోసం చేసే వెడల్పాటి పౌడర్ స్కీల సంగతి వేరు. అవి ఎక్కువగా ఉత్త పలకలుగానే వస్తాయి. బైండింగ్‌ను విడిగా కొని, ఏ చోట రంధ్రాలు వేయాలో షాపువారికి చెప్పవలసి ఉంటుంది. గుల్మార్గ్‌లోనో, సియాటిల్, డెన్వర్ పరిసరాల్లోని కొండల మీదనో కొన్నాళ్లు అద్దె స్కీలతో నేర్చుకుని, సొంత స్కీలు కొందామనుకున్న మనిషికి మొదట ఎదురయ్యే చిక్కు ప్రశ్న ఇదే.

ఒకే స్కీ గురించి ఒకరు “మైనస్ ఎనిమిది” అంటారు, మరొకరు “గీత కంటే రెండు ముందుకు” అంటారు, ఇంకొకరు “ఒకటి రెండు సెంటీమీటర్లకు తేడా ఏముంటుంది” అని కొట్టిపారేస్తారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ముగ్గురూ ఒకే బిందువు నుంచి కొలవడం లేదు. రాకర్, అంటే స్కీ కొసలు ముందుగానే పైకి లేచే వంపు, వచ్చాక స్కీకి మధ్యభాగం ఎక్కడుందన్నదే స్థిరంగా చెప్పలేని విషయమైపోయింది. గందరగోళంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుడుతోంది.

## రెండు గీతలు, ఒక అంకె

ప్రతి స్కీ బూటుకూ అడుగుభాగం పక్కన చిన్న గీత ఒకటి ఉంటుంది. బూటు సోలు పొడవులో అది సరిగ్గా సగం దగ్గర ఉండాలి. స్కీ పైభాగాన కూడా తయారీదారు ఒక గీత గీస్తాడు. ఈ రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడేలా బైండింగ్‌ను బిగించడం మామూలు పద్ధతి. మనం బిగించేది బైండింగే అయినా, నిజంగా నిర్ణయించేది బూటు మధ్యభాగం ఎక్కడ ఉండాలన్నదే.

స్కీ ముందు మొనను టిప్ అనీ, వెనుక మొనను టెయిల్ అనీ అంటారు. టిప్ నుంచి టెయిల్ వరకు ఉన్న మొత్తం పొడవులో సరిగ్గా సగాన్ని అసలు మధ్యబిందువుగా తీసుకుంటే, బూటు గీత దానికి ఎన్ని సెంటీమీటర్లు వెనుక ఉందో చెప్పేదే మైనస్ అంకె. 184 సెంటీమీటర్ల స్కీ తీసుకుందాం. అసలు మధ్య 92 దగ్గర ఉంటుంది. తయారీదారు గీత టెయిల్ నుంచి 84 సెంటీమీటర్ల దగ్గర ఉంటే అది మైనస్ 8. గెంతులకోసం మంచు దిమ్మలు కట్టిన స్కీ పార్కులో గెంతుతూ, వెనక్కి తిరిగి కూడా జారేవారి స్కీలలో ఈ అంకె సున్నా నుంచి మైనస్ 3 వరకు ఉంటుంది. పాత తరహాలో ముందుకు మాత్రమే జారడానికి చేసిన స్కీలలో మైనస్ 10 దాటడం మామూలే. నేటి పౌడర్ స్కీలు ఈ రెండు కొసల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

ఈ అంకెను నమ్మేముందు టేపు పెట్టి చూడడం మంచిది. స్కీ మీద అచ్చువేసిన పొడవు, టేపుతో కొలిచిన పొడవు ఒకటే కావాలని లేదు. స్కీ వంపు వెంబడి కొలిచారా, టిప్ నుంచి టెయిల్‌కు టేపును తిన్నగా లాగి కొలిచారా అన్నదాన్ని బట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. పై స్కీనే తిన్నగా కొలిస్తే 182 వచ్చిందనుకుందాం. అప్పుడు అసలు మధ్య 91 దగ్గరికి వస్తుంది, 84 దగ్గరున్న అదే గీత మైనస్ 7 అవుతుంది. గీత కదలలేదు, పేరు మారింది. ఇద్దరు వ్యక్తులు ఒక స్కీ గురించి వేర్వేరు అంకెలు చెబుతున్నప్పుడు మొదట అనుమానించవలసింది ఈ కొలత తేడానే. టెయిల్ నుంచి తిన్నగా ఇన్ని సెంటీమీటర్లు అని చెప్పుకుంటే ఆ సందేహం చాలావరకు తీరిపోతుంది.

## కాంబర్ కాలంలో ఈ ప్రశ్న ఎందుకు తేలికగా ఉండేది

సంప్రదాయ స్కీని బల్లమీద పెడితే మధ్యభాగం కాస్త పైకి లేచి, టిప్‌కూ టెయిల్‌కూ దగ్గరగా రెండు చోట్ల మాత్రమే బల్లను తాకుతుంది. మధ్యలోని ఈ లేపునే కాంబర్ అంటారు. మనిషి ఎక్కి నిలబడగానే లేపు అణిగి, దాదాపు మొత్తం పొడవు మంచుకు ఆనుతుంది. టిప్ దగ్గర కొద్దిగా వంగిన భాగం మినహా స్కీ పొడవూ, మంచును తాకే పొడవూ ఇంచుమించు సమానం. అందువల్ల మధ్య ఎక్కడ అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండేది.

ఆ రోజుల్లో ప్రచారంలో ఉన్న ఒక సూత్రాన్ని ఇప్పటికీ కొందరు నిపుణులు వాడుతున్నారు. పాదంలో బొటనవేలి వెనుక ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోటు, మంచును తాకే పొడవు మధ్యబిందువు మీద పడాలన్నది ఆ సూత్రం. మనిషి ఒత్తిడిని సన్నగా నియంత్రించేది పాదంలోని ఆ భాగంతోనే కనుక, స్కీ నడిమి భాగం దాని కిందే ఉండాలన్నది తర్కం. ఆ చోటు బూటు మధ్య గీతకు కొన్ని సెంటీమీటర్లు ముందు ఉంటుంది. దాంతో బూటు గీత సహజంగానే స్కీ మధ్యకు వెనుక పడుతుంది. మైనస్ అంకెలకు ఉన్న కారణాలలో ఇదొకటి. టిప్ వంపు వల్ల మంచును తాకే పొడవే కాస్త వెనక్కి జరిగి ఉండడం మరొకటి.

## రాకర్ ఏం మార్చింది

అమెరికాలో పేరుపొందిన స్కీయర్ షేన్ మెకాంకీ పొడి మంచులో స్కీ చేయవలసిన పని నీటిమీద తేలే పలక చేసే పనికి దగ్గరగా ఉంటుందని పట్టుబట్టి వాదించాడు. ఆ ఆలోచనతో 2000ల తొలి ఏళ్లలో వోలాంట్ సంస్థ నుంచి వచ్చిన స్పాట్యులా స్కీ అప్పటి నియమాలన్నిటినీ తిరగేసింది. మధ్యలో లేపుకు బదులు రెండు కొసలూ పైకి లేచిన వంపు, టిప్ కంటే నడుము దగ్గరే ఎక్కువ వెడల్పు దాని ప్రత్యేకతలు. కొసలు ఇలా ముందుగానే పైకి లేవడాన్నే రాకర్ అంటున్నాం. తర్వాత మెకాంకీ కే2 సంస్థతో కలిసి పాంటూన్ అనే భారీ వెడల్పు స్కీకి రూపమిచ్చాడు. 2009లో ఇటలీ డోలమైట్ పర్వతాలలో ప్రమాదంలో మరణించేనాటికి అతని ఆలోచన పౌడర్ స్కీల తయారీలో బాగా వేళ్లూనుకుంది.

నేడు దుకాణాలలో కనిపించే పౌడర్ స్కీలు ఎక్కువగా మిశ్రమ రూపాలు. కాలి కింద కొంత మేర కాంబర్, ముందు పొడవైన రాకర్, వెనుక పొట్టి రాకర్. కొన్నిటిలో ముందూ వెనుకా రాకర్ ఇంచుమించు సమానం. మరికొన్నిటిలో కాంబర్ పూర్తిగా ఉండదు. ఈ తేడాలు బైండింగ్ స్థానాన్ని ఎలా తారుమారు చేస్తాయో లెక్కతో చూద్దాం. ఈ లెక్కలోని స్కీలు ఊహించుకున్నవి. అంకెలు మాత్రం ఇలాంటి స్కీలకు సాధారణంగా ఉండే పరిధిలోవే.

మొదటి స్కీ పొడవు 184 సెంటీమీటర్లు. టిప్ వైపు రాకర్ 45, టెయిల్ వైపు 30. గట్టి మంచు మీద చదునుగా నిలబెడితే టెయిల్ నుంచి 30వ సెంటీమీటరు మొదలు 139వ సెంటీమీటరు దాకా మాత్రమే ఆనుతుంది. ఆనే పొడవు 109, దాని మధ్య 84.5. తయారీదారు గీత 84 దగ్గర ఉంది. మొత్తం పొడవుతో చూస్తే ఇది మైనస్ 8. ఆనే పొడవుతో చూస్తే మైనస్ అర సెంటీమీటరు. గట్టి మంచు మీద ఈ స్కీ తొక్కే మనిషి దాదాపు నట్టనడుమే నిలబడి ఉన్నాడన్నమాట.

రెండో స్కీ పొడవూ 184 సెంటీమీటర్లే. రాకర్ ముందు 35, వెనుక 35. ఆనే పొడవు 114, దాని మధ్య సరిగ్గా 92. ఈ స్కీ గీత మైనస్ 4 దగ్గర, అంటే టెయిల్ నుంచి 88 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుందాం. అంకె మాత్రమే చూసినవారు మైనస్ 4 స్కీ మీద మనిషి ముందుకు ఉంటాడనీ, మైనస్ 8 స్కీ మీద వెనక్కి ఉంటాడనీ అనుకుంటారు. గట్టి మంచు మీద జరిగేది దానికి విరుద్ధం. మొదటి స్కీ మీద అతను మధ్యకు అర సెంటీమీటరు వెనుక, రెండోదాని మీద నాలుగు సెంటీమీటర్లు వెనుక ఉంటాడు. ఒక స్కీ మైనస్ అంకెను మరో స్కీ మైనస్ అంకెతో పోల్చి, తనకు మైనస్ 6 అలవాటు కనుక కొత్త స్కీని కూడా అక్కడే బిగించమని అడిగేవారు తరచు నిరాశపడడానికి కారణం ఇదే.

## అంచు మీద వాల్చినప్పుడు, మంచులో మునిగినప్పుడు

లెక్క అక్కడితో ఆగదు. మలుపు తిరిగేటప్పుడు స్కీ చదునుగా ఉండదు, అంచు మీదకు వాలుతుంది. అలా వాలి వంగినప్పుడు రాకర్ భాగంలో కొంత కూడా మంచును పట్టుకుంటుంది. మొదటి స్కీలో ముందు మరో 20 సెంటీమీటర్లు, వెనుక మరో 12 సెంటీమీటర్లు పట్టులోకి వచ్చాయనుకుంటే, పని చేస్తున్న అంచు 18 నుంచి 159 వరకు విస్తరిస్తుంది. దాని మధ్య 88.5. అదే స్కీ లోతైన పొడి మంచులోకి వెళితే మొత్తం అడుగుభాగం భారాన్ని మోస్తుంది, అప్పుడు మధ్య 92. టిప్ టెయిల్ కంటే వెడల్పుగా ఉంటే, వైశాల్యం లెక్కన అది ఇంకాస్త ముందుకు పోతుంది.

బూటు ఒకే చోట, 84 దగ్గర స్థిరంగా ఉంది. స్కీ మధ్య మాత్రం 84.5 నుంచి 88.5కు, అక్కడి నుంచి 92కు జరిగింది. మంచు లోతు పెరిగేకొద్దీ, మనిషి కదలకుండానే, అతనికి ముందున్న స్కీ పనిచేసే మేర పెరుగుతూ పోతుంది. ముందు పొడవైన రాకర్, వెనుక పొట్టి రాకర్ పెట్టడంలో ఉన్న తెలివి ఇదే. గట్టి మంచు మీద నడుమ నిలబడిన మనిషిని, పొడి మంచులో టిప్ పైకి తేలేలా తనంతట తానే వెనక్కి చేరుస్తుంది. రెండో స్కీలో ముందూ వెనుకా సమానంగా ఉండడంతో మధ్య మూడు పరిస్థితులలోనూ 92 దగ్గరే ఉంటుంది. అక్కడ మనిషికీ మధ్యకూ ఉన్న నాలుగు సెంటీమీటర్ల దూరం ఎప్పుడూ మారదు. స్వభావం అంతటా ఒకేలా ఉండడం దాని సుగుణం. లోతైన మంచులో టిప్ తేలడానికి పొడవు కంటే వెడల్పు, వంపు, వేగాల మీద ఎక్కువ ఆధారపడవలసి రావడం దాని పరిమితి.

## టిప్ ఎందుకు మునుగుతుంది

పొడి మంచు బరువును నేలలా మోయదు. స్కీ కొంత లోతుకు దిగి, కింద ఉన్న మంచును నొక్కి గట్టిపరిచి, ముందుకు కదులుతూ దాన్ని కిందికీ పక్కలకూ తోస్తూ పైకి తేలుతుంది. వేగం పెరిగితే తేలే బలం పెరుగుతుంది. బట్టలు, సామానుతో కలిపి 85 కిలోల మనిషి, సగటున 12.5 సెంటీమీటర్ల వెడల్పు, 184 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు స్కీల మీద నిలబడితే అడుగుభాగం వైశాల్యం సుమారు 4,600 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే బరువు 18.5 గ్రాములు. సగటున 8 సెంటీమీటర్ల వెడల్పు, 190 పొడవు ఉన్న పాత స్కీల మీద అదే మనిషి నిలబడితే 28 గ్రాములు పడుతుంది. పాతకాలపు స్కీయర్లు లోతైన మంచులో వెనక్కి ఒరిగి తొడలు మండిపోయేలా జారడానికీ, మైనస్ 10, 12 అంకెలను అంటిపెట్టుకోవడానికీ ఈ తేడా చాలావరకు కారణం. వెడల్పు, రాకర్ వచ్చాక ఆ అవసరం తగ్గింది, గీతలు మెల్లగా ముందుకు జరిగాయి.

అయినా టిప్ మునుగుతుందా, తేలుతుందా అన్నది బరువు మొత్తం మీద కాక, ముందూ వెనుకా దాని పంపకం మీద ఆధారపడుతుంది. మొదటి స్కీలో బూటు గీతకు ముందు 100 సెంటీమీటర్లు, వెనుక 84 సెంటీమీటర్లు ఉన్నాయి, నిష్పత్తి 1.19. రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపితే 98కి 86, నిష్పత్తి 1.14. రెండు వెనక్కి జరిపితే 102కి 82, నిష్పత్తి 1.24. చూడడానికి చిన్న మార్పే. కాని టెయిల్ మునిగితేనే టిప్ పైకి లేస్తుందన్నది గుర్తుంచుకోవాలి. టెయిల్‌ను సన్నగా చేసి, తక్కువ రాకర్ ఇచ్చిన స్కీలు వెనుక కావాలనే మునుగుతాయి. అలాంటి వాటిమీద ముందుకు బిగిస్తే తయారీదారు ఉద్దేశించిన వాలు చెడుతుంది. టెయిల్ వెడల్పుగా ఉండి పైకి లేచిన స్కీ మాత్రం ముందుకు బిగించడాన్ని బాగానే సహిస్తుంది, ఎందుకంటే అది వెనుక నుంచి కూడా తేలడానికే తయారైంది.

మంచు స్వభావం ఈ లెక్కను మళ్లీ మారుస్తుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఆల్టాలో కురిసే తాజా మంచులో నీటి శాతం సగటున 8, 9 మాత్రమే. పసిఫిక్ తీరానికి దగ్గరగా ఉన్న కాస్కేడ్ పర్వతాల మంచు అంతకంటే బరువైనది. తేలిక మంచులో స్కీ ఎక్కువ లోతుకు దిగుతుంది కనుక టిప్ పొడవు విలువ పెరుగుతుంది. బరువైన తడి మంచు తొందరగానే పైకి తేలుస్తుంది కాని, స్కీని తిప్పడానికి బలం కావాలి. అక్కడ నడుమకు దగ్గరగా నిలబడినవారికి తిప్పడం సులువవుతుంది. ఒకే స్కీ గురించి ఆల్టాకు దగ్గరి సాల్ట్‌లేక్ మనిషి ఒకటీ, కాస్కేడ్‌లకు దగ్గరి సియాటిల్ మనిషి మరొకటీ చెప్పినప్పుడు ఇద్దరిలో ఒకరు తప్పు కావాలని లేదు.

## రెండు సెంటీమీటర్ల మీద జరిగే వాదం

ఇంత చిన్న మార్పు నిజంగా తెలుస్తుందా అన్నది పాత తగువు. తెలియదనేవారి వాదన ఇలా సాగుతుంది. 75 కిలోల మనిషిని రెండు సెంటీమీటర్లు ముందుకు జరపడం, అతన్ని ఉన్నచోటే ఉంచి బూటుకు 75 సెంటీమీటర్ల ముందు, రెండు స్కీలకూ కలిపి రెండు కిలోల భారం వేయడంతో సమానం. చీలమండను కాస్త వంచితే శరీరభారం బూటు లోపల అంతకు ఎన్నో రెట్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. ప్రతి మలుపులోనూ మనిషి చేస్తున్నది అదే. కాబట్టి రెండు సెంటీమీటర్ల తేడాను శరీరం కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది.

తెలుస్తుందనేవారు ఈ లెక్కను కాదనరు. సర్దుకోవడానికి శరీరం చెల్లించే మూల్యాన్ని చూడమంటారు. బూటు ముందు భాగం మీద మోకాలి కింది ఎముకతో ఒత్తి నిలబడే అలవాటున్నవారికి ముందుకు బిగించిన స్కీ చిక్కు తెస్తుంది. అలవాటుగా ఒత్తగానే టిప్ దిగబడుతుంది. దిగబడకుండా ఉండాలంటే రోజంతా తమ సహజమైన నిలుపును బిగపట్టుకోవాలి. నిటారుగా నిలబడి, కాళ్ల కింద స్కీని పక్కలకు జార్చుతూ పోయేవారికి వెనక్కి బిగించిన స్కీ మొండిగా తోస్తుంది, ముందున్న పొడవంతా ప్రతి మలుపులోనూ ఎదురు తిరుగుతున్నట్టుంటుంది. పైగా భారాన్ని ముందుకు వెనక్కి జరపగలం కాని, చెట్ల మధ్య గబగబా తిప్పుతున్నప్పుడు బూటుకు ముందు ఎంత స్కీ ఉంది, వెనుక ఎంత ఉంది అన్నదాన్ని శరీరం మార్చలేదు. నడుమకు దగ్గరగా ఉంటే గిరుక్కున తిరగడానికి తక్కువ శ్రమ పడుతుంది, గెంతినప్పుడు గాలిలో స్కీ సమతూకంగా ఉంటుంది, వెనక్కి జారడం సాధ్యమవుతుంది. బదులుగా, వేగంగా పోతూ గడ్డలు తగిలినప్పుడు ముందున్న తక్కువ పొడవు మనిషిని టిప్ మీదుగా పల్టీ కొట్టించే ముప్పు కాస్త పెరుగుతుంది. అంచు వంపులో అతి సన్నని చోటు, అంటే నడుము, ఎక్కడుందన్నది కూడా చూడాలి. బూటు దానికి మరీ ముందుకు పోతే స్కీ మలుపులోకి ఆత్రంగా దూకుతుంది కాని, మలుపు ముగించేటప్పుడు టెయిల్ వదలకుండా పట్టుకుంటుంది.

రెండు వాదాలనూ ఎదురెదురుగా పెట్టి చూస్తే, మొదటిది సగటు మనిషిని గట్టి మంచు మీద నిలబెట్టి మాట్లాడుతోందనీ, రెండోది ఒక్కో స్కీయర్ అలవాటును పట్టించుకుంటోందనీ నాకు అనిపిస్తుంది. ఒక సెంటీమీటరు తేడాతో స్కీ స్వభావం తలకిందులవుతుందనే మాటలో అతిశయోక్తి ఉంది. మూడు సెంటీమీటర్లు జరిపినా ఏమీ కాదనడం అంతకంటే పెద్ద పొరపాటు.

## తయారీదారు గీతను ఎంతవరకు నమ్మవచ్చు

ఆ గీతను ఊరికే గీయరు. నమూనా స్కీలను పట్టాల మీద జరిగే బైండింగ్‌లతో కొండ మీదకు తీసుకెళ్లి, ముందుకూ వెనక్కూ జరుపుతూ పరీక్షించి, ఎక్కువమందికి నచ్చిన చోట గీస్తారు. రాకర్, వెడల్పు, బిగువు అన్నీ ఆ చోటును బట్టి సర్దినవే కనుక, ఏమీ తెలియనప్పుడు మొదట ఆశ్రయించవలసింది ఆ గీతనే అనడంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. కొన్ని సంస్థలు ఒకటి కాక రెండు మూడు గీతలు ఇచ్చి, ఒకటి పొడి మంచుకు, ఒకటి గెంతులకు అని సూచిస్తాయి.

ఆ గీతకూ పరిమితులు ఉన్నాయి. పరీక్షించినవారి ఎత్తు, బరువు, నిలబడే తీరు కొనేవారికి సరిపోకపోవచ్చు. పాదం పరిమాణం కూడా తేడా తెస్తుంది. 23 సెంటీమీటర్ల పాదం ఉన్న స్త్రీ, 29 సెంటీమీటర్ల పాదం ఉన్న పురుషుడు ఇద్దరూ బూటు మధ్య గీతను తయారీదారు గీత మీదే పెట్టారనుకుందాం. బొటనవేలి వెనుక ఉబ్బెత్తు పాదం మధ్యకు ముందు, పాదం పొడవులో సుమారు 22 శాతం దూరాన ఉంటుందనుకుంటే, ఆమెకు అది గీతకు 5.1 సెంటీమీటర్ల ముందు, అతనికి 6.4 సెంటీమీటర్ల ముందు పడుతుంది. బూటు గీత ఒకే చోట ఉన్నా, పాదంలో పనిచేసే భాగం 1.3 సెంటీమీటర్లు తేడాగా నిలిచింది. చిన్న పాదం ఉన్నవారు గీతకు కాస్త ముందుకు బిగించుకుంటే మేలని వినిపించే సలహాకు ఆధారం ఇక్కడే ఉంది.

పాదం సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నవారు తయారీదారు గీతను పక్కన పెట్టి ప్రతి మనిషికీ విడిగా కొలవాలంటారు. కాంబర్ స్కీల మీద ఈ పద్ధతికి మంచి హేతువే ఉంది. రాకర్ స్కీ మీద మాత్రం ఉబ్బెత్తును ఏ మధ్యబిందువు మీద పెట్టాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. 25 సెంటీమీటర్ల పాదానికి ఉబ్బెత్తు బూటు గీతకు 5.5 ముందు ఉంటుందనుకుంటే, మన మొదటి స్కీలో దాన్ని 84.5 మీద పెడితే బూటు గీత టెయిల్ నుంచి 79 దగ్గరికి, అంటే మైనస్ 13కు వెళ్లిపోతుంది. అక్కడ నిలబడి గట్టి మంచు మీద ఆ స్కీని తిప్పడం చాలా కష్టం. అంచు లెక్కతో వచ్చిన 88.5 తీసుకుంటే 83 దగ్గర, తయారీదారు గీతకు ఒక సెంటీమీటరు వెనుక ఆగుతుంది. సూత్రం తప్పని దీని అర్థం కాదు. అందులోకి ఏ పొడవును పంపుతున్నామో ముందు తేల్చుకోకపోతే అది ఇచ్చే జవాబుకు విలువ ఉండదు.

## రంధ్రాలు వేశాక వెనక్కి రాలేమా

ఈ నిర్ణయం మీద ఇంత చర్చ జరగడానికి మరో కారణం స్కీకి వేసిన రంధ్రాన్ని మాయం చేయలేకపోవడం. మామూలుగా 9 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు వేస్తారు. స్కీ లోపల లోహపు పొర ఉంటే 4.1, లేకపోతే సుమారు 3.6 మిల్లీమీటర్ల బిట్టు వాడతారు. పాత రంధ్రాన్ని బిరడా, జిగురుతో మూసి మళ్లీ వేసుకోవచ్చు కాని, కొత్త రంధ్రం కేంద్రానికీ పాతదాని కేంద్రానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉండాలన్నది షాపులు సాధారణంగా పాటించే జాగ్రత్త. అందుకే అర సెంటీమీటరు జరపడం, రెండు సెంటీమీటర్లు జరపడం కంటే కష్టమైన పని అవుతుంది.

దీన్ని తప్పించుకునే దారులు కొన్ని ఉన్నాయి. అద్దె స్కీలకు వాడే డెమో బైండింగ్‌లలో ముందు, వెనుక భాగాలు రెండూ పట్టాల మీద జరుగుతాయి. అవి కాస్త బరువు, బూటును కొంచెం ఎత్తులో ఉంచుతాయి. మార్కర్ సంస్థ షిజో పేరుతో తెచ్చిన బైండింగ్‌లో ఒక్క మరను తిప్పి మొత్తం బూటును మూడు సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరిపే వీలుండేది. స్కీలో మరలున్న ఉక్కు గొట్టాలను నాటి, ఒకే బైండింగ్‌ను అనేక చోట్లకో అనేక స్కీలకో మార్చుకునేవారూ ఉన్నారు. ఏ దారి ఎంచుకున్నా, బూటును వదిలే బలాన్ని నిర్ణయించే అంకెకూ స్కీ మీద బూటు ఉన్న చోటుకూ సంబంధం లేదు. ఆ అంకె మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, సోలు పొడవులను బట్టి ఐఎస్ఓ 11088 పట్టిక ప్రకారం వస్తుంది. అయితే బైండింగ్‌ను తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ దాన్ని యంత్రం మీద పరీక్షించవలసిందే.

వాడిన స్కీలు కొనేవారికి ఈ లెక్కలో ఒక మెలిక ఎదురవుతుంది. సోలు పొడవు 325 మిల్లీమీటర్లున్న బూటుకు మైనస్ 8 దగ్గర బిగించిన స్కీని, 305 మిల్లీమీటర్ల బూటున్న మనిషి కొన్నాడనుకుందాం. చాలా మామూలు బైండింగ్‌లలో ముందు భాగం స్థిరంగా ఉంటుంది, వెనుక భాగం మాత్రమే పట్టాల మీద జరుగుతుంది. ఆ పట్టాలకు అంత మేర జరిగే వీలుంటే, కొత్త బూటుకు సరిపోయేలా వెనుక భాగాన్ని 20 మిల్లీమీటర్లు ముందుకు జరుపుతారు. బూటు ముందు కొస కదలలేదు, వెనుక కొస 20 ముందుకు వచ్చింది. కాబట్టి బూటు మధ్య 10 మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. ఒక్క రంధ్రమూ వేయకుండానే మైనస్ 8 స్కీ మైనస్ 7 అయింది. ఇదే బేరం తలకిందులై, చిన్న బూటుకు బిగించిన స్కీ పెద్ద బూటు మనిషి చేతికి వస్తే బూటు మధ్య వెనక్కి పోతుంది. అమ్మే మనిషి చెప్పిన మైనస్ అంకె అతని బూటుకు మాత్రమే చెల్లుతుంది కనుక, ధరతో పాటు అతని సోలు పొడవును కూడా అడిగి తెలుసుకుంటే, స్కీ ఇంటికి రాకముందే తన బూటు ఎక్కడ నిలుస్తుందో కొనే మనిషి కాగితం మీద లెక్క వేసుకోగలడు.